అద్దాలాయన నటించని సీను

భార్యను నాలుగు రోజులు ఇంట్లోంచి పంపించడానికి అద్దాలాయన నలభై రోజులు ఆలోచించాడు.

అద్దాలాయన అంటే కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసే మనిషి. ఊళ్లో సగం మంది ఆయన చేతిలో అరిగిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తారు. ఆయన్ని మాత్రం ఎవరూ చూడరు. ఆ లోటు తీర్చుకోవడానికే కాబోలు, మూడేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం లాండ్రీ షాపు మేడ మీద ఒక గదిలో మైకు ముందు నిలబడి జోకులు చెబుతున్నాడు. దీన్ని స్టాండప్ కామెడీ అంటారు. చెప్పేవాడు నిలబడాలి, వినేవాళ్లు కూర్చోవాలి. అద్దాలాయన మొదలుపెట్టిన కాసేపటికి వినేవాళ్లు కూడా నిలబడేవారు. తర్వాత తలుపు వైపు నడిచేవారు.

భార్యకు ఈ సంగతి తెలియదని ఆయన గట్టి నమ్మకం. ఆదివారాలు ఉచిత కంటి పరీక్షల శిబిరానికి వెళుతున్నానని చెప్పాడు. నిజం చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆయన జోకులన్నీ భార్య మీదే. ఆ జోకుల్లో ఆవిడ గరిటెలు విసురుతుంది, తలుపులు విరగ్గొడుతుంది. ఆవిడ కేక వేస్తే పక్క వీధిలో గోడ గడియారాలు ఆగిపోతాయి.

నిజానికి ఆవిడది నీళ్ల సరఫరా కంపెనీలో ఫోను దగ్గర కూర్చుని ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగం. రోజుకు ఎనిమిది గంటలు జనం ఆవిడ చెవిలో అరుస్తారు. ఆవిడ గొంతు మాత్రం పెరగదు. "మీ బాధ అర్థమైందండీ. ఇంకేమైనా చెప్పాలా?" అంటుంది. వారం రోజులుగా కుళాయి రానివాడు కూడా ఆ గొంతు వినగానే నిండా స్నానం చేసినట్టు చల్లబడి ఫోను పెట్టేస్తాడు. ఇంట్లోనూ అదే గొంతు. పదకొండేళ్ల కాపురంలో ఆవిడ ఒక్క గరిటె విసిరిన పాపాన పోలేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఆ మేడ మీదికి ఒక సినిమా మనిషి వచ్చాడు. ఫ్యాక్టరీలో నిప్పంటుకుంటే ఎర్ర సిలిండరు ఎలా వాడాలో పనివాళ్లకు చూపించే సినిమాలు తీస్తాడు. ఏ షాటు తీసినా "ఇంకోసారి" అంటాడు కాబట్టి జనం ఆయన అసలు పేరు మరిచిపోయి ఇంకోసారి అనే పిలుస్తున్నారు. అద్దాలాయన ఇరవై నిమిషాలు ఏకబిగిన జోకులు చెప్పినా ఒక్క ప్రాణీ నవ్వకపోవడం చూసి ఈ సినిమా మనిషి కళ్లు చెమర్చాయి.

"గురూ, నీ మీద సినిమా తీస్తాను," అన్నాడు మెట్ల దగ్గర పట్టుకుని. "నవ్వించలేని కమెడియన్ కథ. హీరోవి నువ్వే. స్వతంత్ర సినిమా."

"స్వతంత్ర సినిమా అంటే?"

"తీయమని ఎవరూ అడగని సినిమా."

"కామెడీయేనా?"

"సినిమా కామెడీయే. నువ్వే కాదు."

అద్దాలాయన నొచ్చుకుందామనుకునేలోపు ఇంకోసారి 'హీరో' అన్న మాట మళ్లీ వాడాడు. నొచ్చుకోవడం వాయిదా పడింది.

చిక్కల్లా ఒకటే. సినిమాలో మూడొంతులు హీరో ఇంట్లో జరుగుతుంది. అద్దెకు ఇల్లు తీసుకునే తాహతు ఇద్దరికీ లేదు. అద్దాలాయన ఇంట్లోనే తీయాలి. భార్య వేషానికి ఒక దర్జీ ఆవిడ కుదిరింది. పగలు బట్టలు కుడుతుంది, సెలవుల్లో నాటకాలు వేస్తుంది. మైకు లేకుండా ఆఖరి వరుసదాకా వినబడే గొంతు. అన్నీ కుదిరాయి, ఇంట్లో ఉన్న అసలు భార్య తప్ప.

"మీ అక్క నిన్ను చూడాలని కలవరిస్తోంది," అన్నాడు ఒక ఉదయం.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? నాకే అనిపించింది."

"నిన్న గంటసేపు మాట్లాడుకున్నాం. కలవరింత ఏమీ వినబడలేదే."

"మీ అక్క మనసులోది పైకి చెప్పుకునే మనిషి కాదు కదా."

ఆవిడ ఆయన వైపు చూసింది. ఆవిడ అక్క పైకి చెప్పుకోని సంగతంటూ ఈ భూమ్మీద లేదు. అయినా వాదించలేదు.

"సరే, నాలుగు రోజులు సెలవు పెడతాను. మీ వంట?"

"నేనే చేసుకుంటాను."

"మీరా?"

"నేర్చుకోవాలనుంది."

ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. పదకొండేళ్లలో ఆయన వంటింట్లోకి వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ దారి తప్పి వచ్చాడు.

మొత్తానికి శుక్రవారం పొద్దున్న ఆవిడ పెట్టె పట్టుకుని బస్సెక్కింది. ఆ బస్సు మలుపు తిరగకముందే లైట్లు, తీగలు, కెమెరా, దర్జీ ఆవిడ ఇంట్లోకి దిగిపోయారు. సోఫా బాల్కనీలోకి వెళ్లింది. మంచం నిలబడింది. బీరువా తిరగబడి గోడకు ముఖం పెట్టుకుంది.

మొదటి రోజే గండం వచ్చింది. దర్జీ ఆవిడ పాత్రలో లీనమైపోయి గరిటె విసిరింది. అది హీరోకు తగలకుండా లైటుకు తగిలింది. నిప్పురవ్వలు లేచి కర్టెను అంటుకుంది. అద్దాలాయన కొయ్యబారిపోయాడు. ఇంకోసారి మాత్రం పదిహేనేళ్లుగా ఆ క్షణం కోసమే ఎదురుచూస్తున్నవాడిలా ఎర్ర సిలిండరు అందుకుని, పిన్ను లాగి, నేర్పించినట్టే మంట మొదట్లో గురిపెట్టి వదిలాడు. అర నిమిషంలో మంట ఆరింది. వంటిల్లంతా తెల్లటి పొడి. ఆ పొడిలోంచి ముగ్గురు దెయ్యాల్లా లేచారు.

"కెమెరా నడుస్తోందా?" అన్నాడు ఇంకోసారి.

నడవడం లేదు.

ఆయన కాలిన కర్టెను వైపు ఆశగా చూశాడు. అద్దాలాయన అడ్డంగా నిలబడి, "ఇంకోసారి అన్నావంటే ఊరుకోను," అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం అసలు సీను పెట్టుకున్నారు. హీరో నేల మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటాడు, భార్య తిడుతుంటుంది, పక్కింటావిడ తలుపు తోసుకుని వచ్చి "ఏమిటీ గొడవ?" అంటుంది. ఆ వేషానికి ఇంకోసారి వాళ్ల పిన్ని రావాలి. రాలేదు. అయినా రిహార్సలు మొదలుపెట్టారు. అద్దాలాయన తలుపుకు వీపు పెట్టి తరుగుతున్నాడు. దర్జీ ఆవిడ కిటికీ అద్దాలు గడగడలాడేలా తిడుతోంది. తిట్లన్నీ అద్దాలాయన రాసినవే. వింటుంటే ముచ్చటేసింది.

తలుపు చప్పుడైంది.

"వచ్చారా అమ్మా? మా పిన్ని పంపిందా? ఇంతాలస్యమైతే ఎలా?" అంటున్నాడు ఇంకోసారి వెనకనుంచి. "ఆ పెట్టె ఎందుకు తెచ్చారు? సరే ఉంచండి, సహజంగా ఉంది. మీరు నాలుగడుగులు ముందుకొచ్చి ఒక్క మాట అనాలి. ఏమిటీ గొడవ, అని. అనండి."

"ఏమిటీ గొడవ?" అంది ఒక గొంతు, మెల్లగా.

అద్దాలాయన చేతిలో కత్తి ఆగింది.

"ఇంకోసారి. కొంచెం కోపంగా అనండమ్మా."

"కోపం రావడం లేదండీ," అంది ఆ గొంతు. "ఇంకా ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వస్తుందేమో."

అద్దాలాయన వెనక్కి తిరిగాడు. భార్య. చేతిలో పెట్టె, ముఖం మీద ప్రయాణం దుమ్ము. ఆయన నోరు తెరుచుకుంది. మూసుకోవడం మరిచిపోయింది. కనుబొమలు జుట్టులోకి వెళ్లి దాక్కున్నాయి. చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ దొర్లుకుంటూ పోయి ఆవిడ చెప్పు దగ్గర ఆగింది.

"మీరెవరమ్మా?" అంది దర్జీ ఆవిడ, తిట్టడం ఆపి.

"ఈయన భార్యని. మీరు?"

"నేనూ ఈయన భార్యనే," అనేసింది దర్జీ ఆవిడ అలవాటుగా. ఎదుటి ముఖం చూశాక, "అంటే, సినిమాలో," అని చేర్చింది. ఆ రెండు మాటలకూ మధ్య గడిచిన కాలంలో అద్దాలాయన ఒక జీవితకాలం బతికాడు.

"మీరు వేసుకున్న స్వెట్టరు నాది," అంది భార్య.

ఈ గొడవేదీ ఇంకోసారి చెవికెక్కలేదు. ఆయన అద్దాలాయన ముఖాన్నే చూస్తున్నాడు, రాళ్లలో వజ్రం దొరికినట్టు. "గురూ, ఆ ముఖం. అలాగే ఉండు. కెమెరా పెట్టనీ. ఆ, ఇప్పుడు ఇంకోసారి ఆశ్చర్యపో."

అద్దాలాయన ఆశ్చర్యపోయాడు. తుమ్ము ఆపుకుంటున్నట్టు వచ్చింది. మళ్లీ ఆశ్చర్యపోయాడు. పంటినొప్పిలా వచ్చింది. ఏడుసార్లు ప్రయత్నించాడు. భార్య పెట్టె కింద పెట్టకుండా ఏడుసార్లూ చూసింది.

"లాభం లేదు," అన్నాడు ఇంకోసారి దిగులుగా. "నిజంగా అదిరిపడితే నీ ముఖం బంగారం. నటిస్తే ఇత్తడి కూడా కాదు."

అక్క ఇంట్లో నీళ్ల మోటారు కాలిపోయిందట. అందుకని వచ్చేసింది. ఆ ఒక్క మాటా చెప్పి ఆవిడ తెల్లటి వంటింటిని, గోడకు తిరిగిన బీరువాను, కాలిన కర్టెనును వరసగా చూసింది. దర్జీ ఆవిడ చేతిలో ఉన్న స్క్రిప్టు అడిగి తీసుకుని, బాల్కనీలో సోఫా మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. అరవై పేజీలు.

చదవడం అయ్యాక పిలిచింది. "నేను గరిటె ఎప్పుడు విసిరాను?"

"విసరలేదు."

"మరి ఇరవై మూడో పేజీలో విసిరాను. నలభయ్యో పేజీలో కుక్కరు మూత కూడా విసిరాను."

"అది హాస్యం కోసం."

"ఈ హాస్యం వినడానికి ఎంతమంది వస్తారు?"

"మంచి రోజైతే పదమూడు మంది."

"నవ్వుతారా?"

ఆయన పూలకుండీ వైపు చూశాడు.

"నా మీద ఇన్ని అబద్ధాలు చెప్పి, ఇప్పటికీ ఒక్కణ్ణి కూడా నవ్వించలేకపోయారా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. దిగ్భ్రాంతి ఉంది. కుళాయి కాదు, చెరువే ఎండిపోయిందని ఎవరో ఫోను చేసి చెప్పినట్టుంది. స్క్రిప్టు మూసి, "ఇందులో మీరు పేజీలకు పేజీలు మాట్లాడారు," అంది. "నాతో భోజనం దగ్గర మీరు మాట్లాడేది ఒక్క మాట. 'ఉప్పు.' అది కూడా ఉప్పు తక్కువైన రోజునే. ఈ మాటలన్నీ ఎక్కడ పెట్టుకుని తిరుగుతున్నారండీ ఇన్నాళ్లూ?"

అద్దాలాయనకు ఆవిడ గరిటె నిజంగానే విసిరి ఉంటే బాగుండేదనిపించింది. దానికి పక్కకు తప్పుకోవచ్చు.

"సినిమా ఆపేయమంటావా?"

"ఎందుకు? మొదలుపెట్టారుగా, పూర్తి చేయండి. ఆ పక్కింటావిడ వేషం నేనే వేస్తాను."

ఇంత తేలిగ్గా వదిలేసేసరికి ఆయనకు భయం ఇంకా పెరిగింది.

ఆదివారం పొద్దున్నుంచి పరిస్థితి చెయ్యి జారిపోయింది. భార్య అందరికీ టీ ఇచ్చింది. దర్జీ ఆవిడకు తన స్వెట్టరు ఇచ్చేసి, "మీకే బాగుంది, ఉంచుకోండి," అంది. తర్వాత ఇద్దరూ వంటింట్లో పొడి తుడుస్తూ గంటసేపు మాట్లాడుకున్నారు. దాంతో దర్జీ ఆవిడ చేతులెత్తేసింది. కెమెరా ముందు నిలబడి తిట్టబోయి ఆగిపోయింది.

"నావల్ల కాదు. ఇలాంటి మనిషి వేషం వేసుకుని ఈ మాటలు ఎలా అనమంటారు?"

"నటన కదమ్మా," అన్నాడు అద్దాలాయన.

"నటనకైనా ఒక అర్థం ఉండాలి," అంటూ ఆవిడ ఆయన వైపు తిరిగి, స్క్రిప్టులో లేనివి పావుగంటసేపు, ఆఖరి వరుసదాకా వినబడేలా చెప్పింది. ఇంకోసారి మొత్తం కెమెరాలో తీసుకున్నాడు. ఆ రోజు ఆయన ఇంకోసారి అనని షాటు అదొక్కటే.

మధ్యాహ్నం అద్దాలాయన బాల్కనీలోకి వెళితే భార్య, ఇంకోసారి తల దగ్గర తల పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు. ఈయన్ని చూసి ఆపేశారు.

"ఏమిటి?" అన్నాడు.

"కర్టెను రంగు గురించి," అంది భార్య.

"అవునవును, కర్టెనే," అన్నాడు ఇంకోసారి. "వదినగారికి రంగుల మీద మంచి అవగాహన ఉంది." రాత్రికి రాత్రే అమ్మగారు వదినగారైపోయింది. భార్య పెట్టె ఇంకా విప్పలేదన్న సంగతి అద్దాలాయన అప్పుడే గమనించాడు. కర్టెను రంగు చూసుకుని ఇల్లు వదిలి వెళ్లిపోయే మనుషులు ఉంటారా? ఉంటారేమో. పదకొండేళ్లు ఉప్పు అన్న ఒక్క మాట విన్న మనిషి ఏమైనా చేయొచ్చు.

ఆఖరి సీను ఆ సాయంత్రమే, లాండ్రీ మేడ మీద. హీరో జోకులు చెబుతాడు, ఎవరూ నవ్వరు, సినిమా అయిపోతుంది. దానికి నటించాల్సిన పని లేదని ఇంకోసారి ధైర్యం చెప్పాడు. సినిమా తీస్తున్నారని తెలిసి గది నిండిపోయింది. కింద ఇస్త్రీ ఆవిరి మెట్ల మీదుగా పైకి వస్తోంది. ఇంకోసారి అద్దాలాయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టి, కెమెరా ఆయన ముఖానికి మూరెడు దూరంలో పెట్టాడు.

"ముందు నీ వంతు కోసం ఎదురుచూస్తున్న షాటు. ఏమీ చేయకు. పిలిచేదాకా కూర్చో, చాలు."

పిలిచారు. ఆయన లేవబోయాడు. పిలిచింది ఆయన్ని కాదు.

ఆఫీసు బట్టల్లో భార్య నడుచుకుంటూ వెళ్లి మైకు ముందు నిలబడింది.

"నమస్కారమండీ," అంది ఫోను గొంతుతో. "ఇన్నాళ్లూ అందరి ఫిర్యాదులూ నేను రాసుకున్నాను. ఇవాళ నాదొకటి చెబుతాను. మావారు ప్రతి ఆదివారం కంటి పరీక్షల శిబిరానికి వెళతారు. మూడేళ్లయింది. ఈ పాటికి ఊళ్లో అందరి కళ్లూ రెండేసిసార్లు చూసేసి ఉంటారు. ఇంట్లో ఒక జత మిగిలిపోయింది."

గది గొల్లుమంది.

అద్దాలాయన అదిరిపడ్డాడు. ఆ గదికి అలాంటి చప్పుడు చేయడం వచ్చని ఆయనకు మూడేళ్లుగా తెలియదు.

ఆవిడ నవ్వలేదు. వాళ్లు ఆగేదాకా ఆగి, అంతే నెమ్మదిగా చెప్పుకుపోయింది. వంట నేర్చుకుంటానన్న మనిషి వంటింటిని ఏ రంగులో అప్పగించాడో చెప్పింది. ఊరినుంచి వచ్చేసరికి తన స్వెట్టర్లో ఇంకో భార్య ఎదురైన సంగతి చెప్పింది. ఏదీ పెంచలేదు, ఏదీ తగ్గించలేదు, జరిగింది జరిగినట్టు. జనం కుర్చీలు పట్టుకుని ఊగిపోయారు. దర్జీ ఆవిడ స్వెట్టరు చేతులతో కళ్లు తుడుచుకుంది.

"ఈయన ఇక్కడికి వస్తారని నాకు మొదట్నుంచీ తెలుసండీ," అంది చివర్లో. "రెండో ఆదివారమే గొడుగు మరిచిపోతే ఇద్దామని వచ్చాను. ఆ వెనక స్తంభం పక్కన నిలబడ్డాను. నా మీద జోకులు చెబుతున్నారు. ఎవరూ నవ్వడం లేదు. చెమటలు పడుతున్నాయి ఆయనకి. చూడలేక నేనే నవ్వాను. ఎక్కణ్ణుంచో ఒక్కరు నవ్వారని ఆయన ముఖం వెలిగిపోయింది. అది చూశాక ఇంటికెళ్లి ఏమీ అడగలేకపోయాను. ఇంకేమైనా చెప్పాలా అని రోజూ వందమందిని అడుగుతాను. ఈయన్ని అడగలేదు. అదొక్కటీ నా తప్పు."

అద్దాలాయన కదల్లేదు. మూడేళ్ల కిందటి ఆ నవ్వు ఆయనకు గుర్తుంది. ఎవరిదో తెలియదు. ఆ ఒక్క నవ్వు మళ్లీ వస్తుందేమోనని నూట యాభై ఆదివారాలు ఆ మెట్లెక్కాడు. నోరు తెరిచి, కళ్లు విప్పి, రెప్ప వేయకుండా కూర్చున్నాడు. మూరెడు దూరంలో కెమెరా నడుస్తూనే ఉంది.

సినిమాలో ఆఖరి పదకొండు నిమిషాలు అదే. భార్య మాటలు వినబడతాయి, భార్య కనబడదు. తెర నిండా అద్దాలాయన ముఖం. పొరుగూళ్లో చిన్న సినిమాల పోటీకి పంపితే, మధ్యాహ్నం ఆటకు నాలుగు వందల మంది వచ్చారు. వాళ్లందరితోపాటు ఆయన కూడా తన ముఖం మీద జరిగిందంతా మొదటిసారి చూశాడు. ఉత్తమ నటుడి బహుమతి ఆయనకే ఇచ్చారు. ఒక్క మాట లేకుండా అంతటి దిగ్భ్రమను పలికించిన నటన తామెన్నడూ చూడలేదని న్యాయనిర్ణేతల్లో పెద్దాయన ప్రకటించాడు.

అద్దాలాయన వేదికెక్కాడు. మైకు చేతికిచ్చారు. జేబులో రాసుకొచ్చిన జోకు ఉంది. ఎదురుగా నాలుగు వందల మంది, ఒక్కరూ తలుపు వైపు చూడడం లేదు. ఆయనకు జేబులో చెయ్యి పెట్టడం కూడా తోచలేదు.

"నేను నటించలేదండీ," అన్నాడు. "నాకు ఎవరూ చెప్పలేదు."

హాలు పగిలేలా నవ్వారు.

ఆయన బిక్కచచ్చిపోయి అటూ ఇటూ చూశాడు. "నిజమండీ. ఆ మైకు ముందు నేను మాట్లాడాలి. మా ఆవిడ మాట్లాడింది. నాకసలు ఏమీ తెలియదు."

ఈసారి చప్పట్లు కూడా కలిశాయి. ముందు వరుసలో ఒకావిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటోంది. ఆయన ఇంకేదో అనబోయి, ఏమన్నా నవ్వేలా ఉన్నారని భయపడి, బహుమతి చంకలో పెట్టుకుని దిగొచ్చేశాడు.

"ఎందుకు నవ్వారు?" అని అడిగాడు భార్య పక్కన కూర్చుంటూనే.

"ఇంటికెళ్లాక చెబుతాను."

ఆయన అంతసేపు ఆగలేకపోయాడు. బస్టాపులో అడిగాడు. ఆవిడ చెప్పింది. దానికి ఆయన ఏదో అన్నాడు, దానికి ఆవిడ ఏదో అంది, ఆయన మళ్లీ అందుకున్నాడు. వాళ్లు ఎక్కాల్సిన బస్సు వచ్చింది, ఆగింది, కండక్టరు రెండుసార్లు పిలిచాడు, వెళ్లిపోయింది. ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు.